మందు మారిపోతే ఏం చేయాలి?

ప్రెడ్నిసొలోన్, ప్రొప్రనొలోల్. పేర్లు దగ్గరగా ఉంటాయి. అక్షర క్రమంలో సర్దిన అరలో పెట్టెలూ దగ్గరగానే ఉంటాయి. మొదటిది శ్వాసనాళాల వాపు తగ్గించే స్టెరాయిడ్, ఆయాసం ముదిరినప్పుడు డాక్టర్లు రాసేది. రెండోది గుండె వేగాన్ని తగ్గించే మందు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇవ్వకూడనిది. 2007లో ఇంగ్లండులో 72 ఏళ్ల మహిళకు డాక్టరు మొదటిది రాస్తే మందుల షాపులో రెండోది ఇచ్చారు. ఆమె ఆసుపత్రి పాలై చనిపోయారు. ఆమె మరణానికి ఆ మందే కారణమని కోర్టు తేల్చలేదు. అయినా 2009లో ఆ ఫార్మసిస్టుకు జైలు శిక్ష పడింది. అమలు నిలిపివేసిన ఆ శిక్షను 2010లో అప్పీలు కోర్టు 300 పౌండ్ల జరిమానాగా మార్చింది.

ఈ రెండు మందులు తారుమారైతే ఒంట్లో ఏం జరుగుతుంది? శ్వాసనాళాల గోడల్లోని కండరాల మీద బీటా-2 గ్రాహకాలు ఉంటాయి. ఎడ్రినలిన్ వాటిని తాకితే కండరం సడలి నాళం విచ్చుకుంటుంది. ప్రొప్రనొలోల్ ఆ గ్రాహకాలను ఆక్రమించి ఎడ్రినలిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. దాంతో ఉబ్బసం రోగి నాళాలు బిగుసుకుపోతాయి. అప్పుడు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చినా సరిగ్గా అందిరాదు, అది పనిచేయాల్సిందీ ఆ గ్రాహకం మీదే మరి. ఇక రోగానికి కావలసిన స్టెరాయిడ్ కడుపులోకి వెళ్లనే లేదు. మందు మారిన ప్రతిచోటా నష్టం ఇలా రెండు వైపుల నుంచీ వస్తుంది. పడకూడనిది పడుతుంది, పడాల్సింది పడదు. ఆ తర్వాత మనం తీసుకునే ఏ నిర్ణయమైనా ఈ రెండింటినీ చూసుకునే తీసుకోవాలి.

ఎక్కడ మారుతుంది?

పేర్ల పోలిక మొదటి కారణం. కార్బమజెపిన్ మూర్ఛకు, కార్బిమజోల్ థైరాయిడ్ ఎక్కువైనప్పుడు. హైడ్రాలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ దురదకు. లామోట్రిజిన్ మూర్ఛకు, లామివుడిన్ హెచ్‌ఐవీకి. వీటికి బ్రాండు పేర్లు తోడైతే చిక్కు ఇంకా పెరుగుతుంది. అమెరికాలో ఎసిడిటీ మందు లోసెక్‌ను, ఒంట్లో నీరు తీసే లాసిక్స్‌ను జనం ఒకటనుకుంటున్నారని 1990లో లోసెక్ పేరును ప్రిలోసెక్‌గా మార్చేశారు. మన దేశంలో ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే రెండు మలేరియా మందుల పేర్ల మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మిగతా సరుకుల పేర్ల కన్నా మందుల పేర్ల విషయంలో మరింత కఠినంగా ఉండాలని, ఇక్కడ పొరపాటు ప్రాణం తీయగలదని 2001లో కోర్టు చెప్పింది. కొత్త బ్రాండుకు అనుమతి అడిగే కంపెనీ, అలాంటి పేరు మార్కెట్లో లేదని హామీ పత్రం ఇవ్వాలన్న నిబంధన 2019లో వచ్చింది. అప్పటికే షాపుల్లో ఉన్న పేర్లు మాత్రం అలాగే ఉన్నాయి.

చేతిరాత రెండో కారణం. 1995లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఒడెస్సాలో ఒక డాక్టరు గుండె నొప్పికి ఐసార్డిల్ రాశారు, ఆరు గంటలకోసారి 20 మిల్లీగ్రాములు. షాపులో దాన్ని ప్లెండిల్ అని చదివారు. అది బీపీ మందు, రోజుకు 10 మిల్లీగ్రాములు మించకూడదు. చీటీలోని లెక్క ప్రకారం వేసుకున్న 42 ఏళ్ల రోగికి గుండెపోటు వచ్చింది, కొద్దిరోజుల్లో చనిపోయాడు. డాక్టరూ మందుల షాపూ కలిసి 4,50,000 డాలర్లు చెల్లించాలని 1999లో జ్యూరీ తీర్పు చెప్పింది. మన దేశంలో డాక్టర్లు మందులను జెనరిక్ పేర్లతో, అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో అప్పటి మెడికల్ కౌన్సిల్ నియమం పెట్టింది. అది ఎంతవరకు అమలవుతోందో మన ఇళ్లలోని మందుల చీటీలు చూస్తే తెలుస్తుంది.

మూడోది మోతాదు. మందు సరైనదే, బలం మారుతుంది. షుగరు మందు గ్లిమెపిరైడ్ 1 బదులు 4, థైరాక్సిన్ 25 బదులు 125 చేతికొస్తుంది. పేరు చివరి తోకలు కూడా ఇలాంటివే. బీపీ మందు టెల్మిసార్టాన్ బ్రాండు పేరు పక్కన ఏఎం అని ఉంటే అందులో ఆమ్లోడిపిన్ కలిసిందని, హెచ్ అని ఉంటే నీరు తీసే మందు కలిసిందని అర్థం. ఇన్సులిన్ వాడేవాళ్లు సిరంజి కూడా చూసుకోవాలి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40 రకానికి ఎర్ర మూత సిరంజి, 100 రకానికి నారింజ మూత సిరంజి. షాపువాళ్లు 100 సీసాతో ఎర్ర మూత సిరంజి ఇచ్చారనుకోండి. 20 గీత దాకా లాగితే వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు ఎక్కువ.

వేసుకోకముందే తెలిస్తే

మాత్ర రంగు మారిందని గాభరా పడకండి. కంపెనీ మారితే రంగూ ఆకారమూ మారతాయి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, దాని పక్కనున్న మిల్లీగ్రాములు చీటీతో పోల్చండి. రెండూ కలిస్తే అది అదే మందు. చీటీలో ఉన్నది బ్రాండు పేరే అయితే డాక్టరు క్లినిక్‌కు ఫోన్ చేసి అందులోని మందు ఏమిటో అడగండి.

పేరు గానీ బలం గానీ కలవకపోతే ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు. "అదీ ఇదీ ఒకటేనండీ, వేసుకోండి" అని కౌంటర్లో అన్నా ఒప్పుకోనక్కరలేదు. డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందుల్లో రాసినదానికి బదులు వేరే తయారీ ఇవ్వకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నిబంధన చెబుతోంది. మార్చాలంటే డాక్టరే మార్చాలి.

వేసుకున్నాక తెలిస్తే

తర్వాతి మోతాదు ఆపండి. ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయండి: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని మాత్రలు, చివరిసారి ఏ టైముకు వేసుకున్నారు. వాటి కింద రోగి వయసు, రోజూ వాడే మందులు, ఉన్న జబ్బులు రాయండి. ఈ కాగితం చేతిలో పెట్టుకుని డాక్టరుకు ఫోన్ చేయండి. డాక్టరు దొరకకపోతే ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రింబవళ్లు పలుకుతుంది.

ఊపిరి ఆడకపోయినా, పెదవులూ ముఖమూ వాచినా, స్పృహ తప్పుతున్నా, మూర్ఛ వచ్చినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఫోన్లతో పొద్దుపుచ్చకుండా 108కి చెప్పండి. చిన్నపిల్లలు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్ల విషయంలో లక్షణాలు కనిపించేదాకా ఆగకండి.

వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్లు తాగించడం మన ఇళ్లలో పాత అలవాటు. దానివల్ల రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు, మగతగా ఉన్న మనిషికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పాలు, నిమ్మరసం విరుగుడని పోయవద్దు.

'రెండు గంటలైంది, ఏమీ కాలేదు' అని నిశ్చింతగా ఉండటమూ తప్పే. ఉదయం షుగరు లేని పెద్దాయన బీపీ మాత్ర అనుకుని గ్లిమెపిరైడ్ వేసుకున్నాడనుకుందాం. మామూలుగా క్లోమం రక్తంలో చక్కెర పెరిగితేనే ఇన్సులిన్ వదులుతుంది. ఈ మందు ఆ కణాల్లోని పొటాషియం ద్వారాలను మూసేసి, చక్కెర తక్కువగా ఉన్నా ఇన్సులిన్ వదిలిస్తుంది. కాసేపటికి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, పొంతన లేకుండా మాట్లాడతాడు. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. చక్కెర తాగాక ఆయన తేరుకుంటాడు, ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. కానీ మందు ప్రభావం ఒక రోజు దాకా ఉంటుంది. కొన్ని గంటలకు, ఒక్కోసారి నిద్రలో, చక్కెర మళ్లీ పడిపోవచ్చు. అందుకే తేరుకున్నా సరే ఆసుపత్రిలో ఉంచి గంట గంటకూ షుగరు చూడాలి.

వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు ప్రభావం బయటపడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్, రోజూ వేసుకునే ఫోలిక్ యాసిడ్ స్థానంలోకి వస్తే కొన్ని రోజుల తర్వాత నోట్లో పుండ్లు, జ్వరం మొదలై రక్తకణాలు పడిపోతాయి. దానికి ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

మారిన మందు వారాల తరబడి వాడేసి ఉంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకండి. స్టెరాయిడ్లు, ప్రొప్రనొలోల్, క్లోనజెపామ్ లాంటివి హఠాత్తుగా ఆపితే కొత్త ప్రమాదం వస్తుంది. అదే రోజు డాక్టరును కలిసి, ఎలా తగ్గించాలో అడగాలి. పడాల్సిన మందు సంగతీ అంతే. మూర్ఛ మందు, రక్తం పలచబరిచే మందు, గుండె మందు ఎన్ని పూటలు తప్పాయో చెప్పండి. తప్పిన పూటలన్నీ కలిపి ఒకేసారి వేసుకోవద్దు.

స్ట్రిప్ ఎవరికీ ఇవ్వకండి

మిగిలిన మాత్రలు, ఖాళీ స్ట్రిప్, పెట్టె, బిల్లు, చీటీ, మందులు ఇచ్చిన కవరు అన్నీ భద్రం చేయండి. బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. వైద్యం చేసే డాక్టరుకు ముందు అవసరమయ్యేవి ఇవే, తర్వాత ఫిర్యాదుకు సాక్ష్యమూ ఇవే. షాపువాళ్లు తిరిగి తీసుకుని సరైన మందు ఇస్తామంటారు. సరైన మందు తీసుకోండి, పాతదాని ఫొటో మాత్రమే చూపండి.

షాపుకు మాత్రం తప్పకుండా చెప్పండి. ఫార్మసిస్టుతోనే మాట్లాడాలని అడగండి. ఫార్మసీ చట్టం ప్రకారం మందులు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. కవర్లు తారుమారై ఉంటే మీ మందు ఇంకొకరి ఇంట్లో ఉంటుంది. అరలోనే పెట్టెలు కలిసిపోయి ఉంటే ఆ రోజు అదే మందు తీసుకున్న వాళ్లందరికీ ఫోన్ చేయాలి. ఈ పని షాపువాళ్లు మాత్రమే చేయగలరు.

ఎక్కడ చెప్పాలి?

షాపుల లైసెన్సులు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ చేతిలో ఉంటాయి. తెలంగాణలో ఆ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969. ఆంధ్రప్రదేశ్‌లో మీ ప్రాంత డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. మందు వల్ల ఒంట్లో తేడా వస్తే ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024లో తెలియజేయండి. రోగులే నింపి పంపే ఫారం తెలుగులోనూ ఉంది. చాలా మెడికల్ కాలేజీల్లో ఈ కార్యక్రమ కేంద్రాలున్నాయి.

నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి దారి తెలుసుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు.

ఫిర్యాదు చేస్తే పాపం ఆ కుర్రాడి ఉద్యోగం పోతుందని చాలామంది ఊరుకుంటారు. ఆ జాలి మంచిదే. కానీ దాచిన పొరపాటు నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఇంగ్లండు కేసు తర్వాత బ్రిటన్‌లో ఫార్మసిస్టులు తప్పు ఒప్పుకోవడానికే భయపడ్డారు. చివరికి 2018లో చట్టం మార్చారు. పొరపాటు తెలియకుండా జరిగి, తెలిసిన వెంటనే రోగికి చెప్పే ప్రయత్నం చేసిన ఫార్మసిస్టుకు నేర విచారణలో చట్టపరమైన రక్షణ కల్పించారు. వెంటనే చెప్పడం రోగి ప్రాణానికి ఎంత అవసరమో ఆ చట్టమే ఒప్పుకుంది. ఇలాంటి రక్షణ మన చట్టాల్లోనూ రావాలి.

కౌంటర్ దగ్గర రెండు నిమిషాలు

డాక్టరు గదిలోంచి బయటికి రాకముందే ఏ మందు దేనికో అడిగి చీటీ మీద తెలుగులో రాసుకోండి. షాపులో ప్రతి స్ట్రిప్ మీద పేరు, బలం, గడువు తేదీ చదవండి. చదవలేకపోతే ఫార్మసిస్టుతో చదివించుకోండి. "ఇది దేనికి, ఎప్పుడు వేసుకోవాలి?" అని అడగండి. బీపీకి రాసిన మందును షుగరుకని చెబితే పొరపాటు అక్కడికక్కడే దొరుకుతుంది. స్ట్రిప్ కత్తిరించి ఇస్తుంటే పేరూ గడువూ ఉన్న ముక్క మీకు ఇవ్వమనండి. 2023 ఆగస్టు 1 నుంచి 300 ప్రముఖ బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే అసలు మందు పేరు కనిపిస్తుంది. బిల్లు లేకుండా మందు కొనకండి.

మందు మారిందని తెలిసిన రోజున ముందు డాక్టరుకు చెప్పండి, తర్వాత షాపుకు, ఆపైన ఔషధ నియంత్రణ శాఖకు. మీకు ఏమీ కాకపోయినా ఫిర్యాదు రాయండి. మీ చేతికి వచ్చిన ఆ పెట్టె లాంటివి ఆ అరలో ఇంకా ఉండవచ్చు.