తొలిచూపులో లండను

"లండను ఎట్లా ఉన్నది?"

సెలవులలో పదిదినాలు ఆ మహానగరంలో గడిపి వచ్చిన నన్ను మిత్రులందరూ అడిగిన ప్రశ్న ఇది. సమాధానం చెప్పడం సులభమే. చెప్పిన సమాధానం ఎంతవరకు సత్యమన్నది తేల్చడమే కష్టం. కొత్త ఊరు మన మనస్సుపై వేసే తొలి ముద్రలో నిజమెంత, భ్రమ ఎంత అన్న విషయాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కొన్ని నగరాలను కంటికంటె ముందు చెవి ఎరుగుతుంది. 'బిగ్ బెన్' అని లోకం పిలిచే వెస్ట్‌మినిస్టరు గంట మ్రోత చిన్ననాడు మా తాతగారి రేడియోలో అప్పుడప్పుడు విన్నాను. 1923 డిసెంబరు 31వ తేదీ అర్ధరాత్రి బి.బి.సి. వారు తొలిసారిగా ప్రసారం చేసింది మొదలు ఆ నాదం లండనుకు గుర్తుగా నిలిచింది. థేమ్సు నదిపై వంతెన మీద నిలిచి వింటూ ఉంటే, ఎన్నడో ఎరిగిన పెద్దమనిషి కంఠం వినిపించినట్లయినది. ఎంత గంభీరం, ఎంత నిర్దుష్టం అనుకొన్నాను. కాని దాని కథ వేరు. పదమూడున్నర టన్నులకు పైబడిన ఆ గంట 1859లో మ్రోగనారంభించిన కొద్దినెలలకే బీటవారింది. కొన్నేండ్లు మూగవోయింది. పిమ్మట గంటను కొద్దిగా త్రిప్పి, బీటలేని చోట దెబ్బ తగిలేటట్లు చేసి, తేలికైన సుత్తిని అమర్చారు. ఆ బీట నేటికీ ఉన్నది. నిర్దుష్టమని నేను మురిసిపోయినది పగిలిన గంట నాదం!

ఇక కన్ను చేసిన పొరపాటు. మేము పోయినది జూన్ నెల. మొదటినాడు రాత్రి తొమ్మిది గంటలకు భోజనం ముగించి వీధిలోకి వస్తే ఎండ ఇంకా మేడల అంచులపై ఉన్నది. పిల్లలు పార్కులో బంతి ఆడుకొంటున్నారు. ఈ ఊరికి రాత్రి అనేది లేదు కాబోలునని ఇంటికి జాబు కూడా వ్రాశాను. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరంగా పదిహేడు డిగ్రీల చిల్లర దూరాన ఉన్నది. లండను యాభైయొక్క డిగ్రీలు దాటి ఉన్నది. కనుక మనకు దీర్ఘతమమైన పగలు పదమూడు గంటల పైచిలుకైతే, వారికి పదహారున్నర గంటలు. అది చాలదన్నట్లు, 1916 నుండి వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపే అలవాటు ఒకటి. ఈ వెలుగుకు వారు చెల్లించే మూల్యం డిసెంబరులో తెలుస్తుంది. అప్పుడు సాయంత్రం నాలుగైనా కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. నేను లండనును చూచితిననుకొన్నాను; చూచినది లండను జూన్ మాసాన్ని మాత్రమే.

మూడవ పాఠం నేలక్రింద నేర్చుకొన్నాను. 1863లో ఆవిరి ఇంజనులతో ప్రారంభమైన అక్కడి భూగర్భరైలుకు నేడు 272 స్టేషన్లున్నవి. అంత చిక్కుముడిలోనూ క్రొత్తవాడు దారి తప్పడు. కారణం ఒక పటం. హ్యారీ బెక్ అనే చిత్తుపటాల రచయిత 1931లో దానిని గీశాడు. ముందు తిరస్కరించిన అధికారులే 1933లో అచ్చువేశారు. విద్యుత్తీగల అమరికను చూపే పటంవలె, దారులన్నిటినీ నిలువు, అడ్డం, ఏటవాలు గీతలుగా సరిచేశాడు బెక్. క్రిక్కిరిసిన నడిబొడ్డును విశాలం చేశాడు. దూరపు పేటలను దగ్గరకు లాగాడు. ఏ స్టేషను తరువాత ఏది, ఎక్కడ రైలు మారాలి అన్నవి ఆ పటంలో పరమసత్యాలు. దూరాలు మాత్రం నమ్మరానివి.

ఇది తెలియక లెస్టర్ స్క్వేరులో కదిలే మెట్లపై పాతాళానికి దిగి, రైలెక్కి, ప్రక్క స్టేషనైన కోవెంట్ గార్డెనులో లిఫ్టుపై పైకి వచ్చాను. ఆ రెంటి నడుమ దూరం సుమారు 260 మీటర్లు. నడిచివుంటే నాలుగైదు నిమిషాల పని! నాలుక కరచుకొన్నాను. తొలి అభిప్రాయం కూడా ఇటువంటి పటమేనని అప్పుడు తోచింది. దారి చూపడానికి అది చాలును, కొలతలకు పనికిరాదు.

ఆ రైలులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఎదురుగా కూర్చున్నవారి వంక చూడనైనా చూడరు. ఎంత పొడిమనుషులు అనుకొన్నాను. ఒకనాడు పెట్టెతో మెట్లెక్కలేక నిలుచుండిపోయాను. వెనుకనుండి ఒక యువకుడు వచ్చి పెట్టె రెండవ కొస పట్టుకొని, పైదాకా మోసి, నేను కృతజ్ఞత చెప్పేలోపలనే జనంలో కలిసిపోయినాడు. ఒక్క మాట లేదు. ఆ మౌనాన్ని నేను అర్థం చేసుకొన్న తీరులోనే లోపమున్నదని గ్రహించాను.

తిరుగు ప్రయాణానికి ముందుదినం కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికకు వెళ్ళాను. 1833లో ఏర్పడిన విశాలమైన తోట అది. తెలుగువారికి ఆ చోటుతో ఒక సంబంధమున్నది. ఉద్యోగ విరమణ చేసి లండను చేరి, అక్కడ తెలుగు బోధించి, 1884లో కన్నుమూసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను సమాధి అక్కడనే ఉన్నది. చెట్లనీడలో నిలిచి ఆయనను తలచుకొన్నాను. 1820లో కడపకు వచ్చిన ఆ యువకునికి కూడా మన ఎండనుగురించి, మన భాషనుగురించి, మన మనుషులనుగురించి ఏవో తొలి అభిప్రాయాలు కలిగే ఉంటవి. వాటితోనే తృప్తిపడితే ఆయన ఒక యాత్రాచరిత్ర వ్రాసి ఊరుకొనేవాడేమో. అట్లా కాక, తెలియని ప్రతి మాటకు అర్థం అడిగి, తాళపత్రాలను సేకరించి, తప్పులు దిద్దించుకొంటూ మూడు దశాబ్దాలు శ్రమించాడు. 1829లో వేమన పద్యాలను ప్రకటించాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. ఆ నిఘంటువును నేటికీ మనం తిరగవేస్తున్నాము.

పదిదినాల అతిథికి అంత శక్తి ఎక్కడిది? తొలిచూపును తీర్పుగా చెప్పకుండా ఉండడం మాత్రం ఎవరి చేతనైనా అవుతుంది. అందుచేత మిత్రులు అడిగితే నేనిప్పుడు చెప్పే సమాధానం ఇది: "లండను ఎట్లా ఉంటుందో చెప్పలేను. నేను పోయిన జూన్ నెలలో, నేను నడిచిన వీధులలో, ఇట్లా ఉన్నది."