మెంతులు, పొడపత్రి, కాకర: మధుమేహమునందు వీని పని యెంత?

మన సంఘపు డిపోలకు ఎరువుల కొరకు వచ్చు సభ్యులు ఈ మధ్య పంటల సంగతులతోపాటు మరియొక సంగతియు మమ్ము అడుగుచున్నారు. చక్కెర వ్యాధికి మెంతుల పొడి పనిచేయునా? పొడపత్రి ఆకు నమలిన యెడల మాత్రలు మానవచ్చునా? సంతలో డబ్బాలకెత్తి అమ్ముచున్న చూర్ణములను కొనవచ్చునా? మేము వైద్యులము కాము. అయినను ఈ మొక్కలు మన చేలలోను కంచెలమీదను పెరుగునవి గనుక, వీనిని పరీక్షించినవారు కనుగొన్న సంగతులు రైతులకు తెలిసియుండుట మంచిదని తలంచి ఇది వ్రాయుచున్నాము. భారత వైద్య పరిశోధనా మండలివారు జరిపించి 2023లో ప్రకటించిన లెక్కనుబట్టి మన దేశమున పదికోట్లకు పైగా జనులు ఈ వ్యాధితో నున్నారు. ఇది పట్టణములలో కూర్చుండి తినువారి వ్యాధి యను మాట ఇక చెల్లదు.

మొదట మెంతుల సంగతి. ఇది పప్పుజాతి పైరు. గింజలో సుమారు సగము పీచే. రాత్రి నీళ్లలో వేసిన మెంతులు తెల్లవారుసరికి ఉబ్బి జిగురు తేలుట మన యిండ్లలో ఆడవారందరును ఎరుగుదురు. ఆ జిగురే ఇక్కడ ముఖ్యము. అది కడుపులో అన్నముతో కలిసి చిక్కబడి, అన్నమునందలి పిండిపదార్థము చక్కెరగా మారి రక్తములో చేరుటను మెల్లగా జరుగనిచ్చును. వరద నీటికి అడ్డుకట్ట వేసిన యెడల నీరు ఆగిపోదు గాని నెమ్మదిగా పారును గదా, అట్టిదే యిది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన శాస్త్రజ్ఞులు 1990లో ఈ విషయమై ఒక పరీక్షను ప్రకటించిరి. ఇన్సులిన్ సూదిమందు తీసికొనుచున్న రోగులకు, నూనె తీసివేసిన మెంతుల పిండిని దినమునకు 100 గ్రాముల చొప్పున, రెండుపూటల భోజనములలో సగము సగముగా కలిపి, పది దినములు పెట్టిరి. పరగడుపున రక్తమునందలి చక్కెర తగ్గెను. ఇరువదినాలుగు గంటలలో మూత్రముగుండ పోవు చక్కెర నూటికి 54 వంతులు తగ్గెను. ఇది మంచి ఫలమే. అయితే రెండు సంగతులు గుర్తింపవలయును. ఆ రోగులు సూదిమందును మానలేదు. మరియు 100 గ్రాములనగా ఎనిమిదిన్నర తులములు. మనవారు ప్రొద్దుట మ్రింగు ఒక చెంచా మెంతులు నాలుగైదు గ్రాములకు మించవు. ఇరువది పాళ్లలో ఒక పాలు తిని పూర్తి ఫలము రాలేదని మెంతులను నిందించుట న్యాయము కాదు, వచ్చినదని చాటుటయు న్యాయము కాదు. తరువాతి పరీక్షలలో తక్కువ మోతాదులతో కొంత ఫలము కనబడినమాట నిజమే గాని, వానిలో పెక్కు చిన్నవి. అంత హెచ్చుగా తినువారికి కడుపుబ్బరము, విరేచనములు కలుగుటయు కలదు. గర్భిణీస్త్రీలు కూరలో వేయు మెంతులకు మించి తినరాదు. రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారు వైద్యునితో చెప్పకుండ హెచ్చు మోతాదు మొదలుపెట్టరాదు.

పొడపత్రి మన మెట్టలలోను అడవి అంచులలోను ప్రాకు తీగ. దీని ఆకు నమిలి పిమ్మట పంచదార నోట వేసికొన్న ఇసుకవలె నుండును. ఆకులోని ఆమ్లములు నాలుకకు తీపిని తెలియనీయవు. ఈ వింతను చూచియే పలువురు "తీపిని చంపినది చక్కెర వ్యాధిని చంపదా" యని వాదింతురు. నాలుకకు తీపి తెలియకుండుట వేరు, రక్తములో చక్కెర తగ్గుట వేరు. అయితే మద్రాసు విశ్వవిద్యాలయమువారు 1990లో ప్రకటించిన పరీక్షలు కొట్టివేయదగినవి కావు. మాత్రలు వాడుచున్న 22 మందికి ఈ ఆకునుండి తీసిన సత్తును దినమునకు 400 మిల్లీగ్రాములు, పదునెనిమిది నుండి ఇరువది నెలలవరకు ఇచ్చిరి. రక్తములో చక్కెర తగ్గెను. వారిలో ఐదుగురు మాత్రలను మానగలిగిరి. వినుటకు సంతోషమే. కాని రోగులు కొద్దిమంది. మందని చెప్పి ఉత్త పొడి నిచ్చిన మరియొక జట్టును ప్రక్కన నుంచి పోల్చి చూడలేదు. మనము ఒక మడికి క్రొత్త ఎరువు వేసి, ప్రక్కమడిని వేయకుండ విడువక, "పంట హెచ్చినది, ఎరువు మహిమ" యని చెప్పిన ఎవరు నమ్ముదురు? ఆ యేడు వాన మంచిదేమో! ప్రదర్శన క్షేత్రములలో మేము పోలిక మడి లేక ఏ పనియు చేయము. మందునకును అదే న్యాయము.

కాకరకు పోలిక పరీక్షలు జరిగినవి. థాయిలాండులో 2011లో ప్రకటింపబడిన పరీక్షలో ఎండు కాకర పొడి దినమునకు 2 గ్రాములు తినినవారికి చక్కెర కొంచెము తగ్గెను గాని, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడినవారికి అంతకంటె హెచ్చు తగ్గెను. అట్టి పరీక్షలను పోగుచేసి చూచిన కోక్రేన్ సంస్థవారు 2012లో, కాకరను మందుగా సిఫారసు చేయుటకు తగిన ఋజువు లేదని తేల్చిరి. కూరగా తినుటకు ఎవరి అడ్డును లేదు. నేరేడు గింజలకు మన దేశమున గొప్ప పేరున్నను మనుష్యులయందు జరిగిన పరీక్షలు స్వల్పము. బ్రెజిల్ దేశమున నేరేడాకు కషాయమును త్రాగించి చూడగా ఫలము కానరాలేదు.

చెట్లలో శక్తి లేదని మా అభిప్రాయము కాదు. పైన చెప్పిన మెట్‌ఫార్మిన్ మాత్రకు మూలమును ఐరోపాలోని గలేగా యను ఒక పప్పుజాతి మొక్కయందే కనుగొనిరి. మొక్కలోని వస్తువు విషకరమై యుండగా, దానిని పోలిన నిరపాయకరమైనదానిని రసాయనశాలలో చేసి, 1957లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ స్టెర్న్ మధుమేహ రోగులకు వాడి ఫలములను ప్రకటించెను. నేడు ప్రపంచమున ఎక్కువగా వాడబడు మందులలో అది యొకటి. మొక్కకును మాత్రకును గల తేడా యేమనగా, మాత్రలో ఎంత మందున్నదో తెలియును. ఆకులో నేల, కాలము, ముదురుదనము, ఎండబెట్టు తీరు వీనినిబట్టి సత్తు మారుచుండును.

ఇక భయపడవలసిన సంగతి. మేమెరిగిన ఒక సభ్యుడు, యాబది యేండ్లు దాటిన కష్టజీవి, ఒక చూర్ణమును నమ్మి మాత్రలు మానెను. ఆరు నెలలు ఏమియు తెలియలేదు. మడిలో ముల్లు గ్రుచ్చుకొనిన నొప్పి తెలియక, పుండు ముదిరి, రెండు కాలివ్రేళ్లు తీసివేయవలసి వచ్చెను. ఈ వ్యాధి నొప్పి లేకుండ పెరుగును, అందుచేతనే చూర్ణమమ్మువాని మాట చెల్లుచున్నది. ఇన్సులిన్ మీద బ్రతుకు పిల్లల విషయములో నైతే ఆరు నెలలు కూడ అక్కరలేదు. సూదిమందు మానిన కొద్ది దినములలోనే ప్రాణము మీదికి వచ్చును.

రెండవ అపాయము దీనికి తలక్రిందులు. "కేవలము మూలికలే" యని అమ్మిన చూర్ణములలో రహస్యముగా ఇంగ్లీషు మాత్రల మందు కలిపినట్లు పలుచోట్ల పట్టుబడినది. అమెరికాలో 2000 సంవత్సరమున అట్టి సరకులను వెనుకకు తెప్పించిరి. తన మాత్రయు, చూర్ణములో దాగిన మాత్రయు కలిసి పనిచేసిన యెడల చక్కెర మితిమీరి పడిపోవును. చెమట, వణకు, తల తిరుగుట కలిగి మనిషి తెలివి తప్పును. ట్రాక్టరు మీదనో బావి గట్టుననో అది జరిగినచో చెప్పనేల? అట్టి గుర్తులు కనబడినవానికి, తెలివి యుండగానే, నీళ్లలో నాలుగైదు చెంచాల పంచదార కలిపి వెంటనే త్రాగింపవలయును. తెలివి తప్పినవాని నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్పవలయును.

మెంతులు తినదలచినవారు తినవచ్చును. వైద్యునితో చెప్పి, మొదలుపెట్టకముందు ఒకమారు, మూడు నెలల పిమ్మట ఒకమారు, మూడు నెలల సగటు చూపు రక్తపరీక్షను చేయించుకొనవలయును. మాత్రలు తగ్గించుట ఆ కాగితమును చూచి వైద్యుడు చేయవలసిన పని. పళ్లెములోని అన్నపు రాశి తగ్గనిచో మెంతులు ఏమి చేయగలవు?

రైతులకు మాత్రమే చెప్పవలసిన సంగతులు కొన్ని కలవు. విత్తనమునకని తెచ్చిన మెంతులకు శిలీంద్రనాశక మందు పట్టించియుందురు, మిగిలిన విత్తనమును వంటింటికి చేర్పరాదు. కాకరకు పండు ఈగ నిమిత్తము మందు కొట్టినవారు, డబ్బాపై వ్రాసిన గడువు దాటకుండ కాయ కోయరాదు. సొరకాయ రసము త్రాగువారు ముందుగా ముక్క కొరికి చూడవలయును, చేదుగా నున్న పారవేయవలయును. చేదు సొర విషము. దానివలన మన దేశమున మరణములు సంభవించినవి. పొడపత్రి వేయుడు, ఆకు మేమే కొందుమని వచ్చు వ్యాపారులతో, ధరయు, ఎండుటాకు తేమ పరిమితియు, తూకము వేయు స్థలమును కాగితముమీద వ్రాయించుకొనక నారు నాటవద్దు. ఒప్పందపు కాగితమును సంతకమునకు ముందే సంఘ కార్యదర్శికి చూపవలెనని కోరుచున్నాము.