మూతవేసిన పెట్టెలో ముద్దుబొమ్మ

కుందేటి చెవులు, గుండ్రని కన్నులు, నోటినిండ తొమ్మిది వాడి దంతములు గల బొమ్మ యొకటి పట్టణములందలి పిల్లల సంచులకు వ్రేలాడుట మీరు చూచియే యుందురు. దాని పేరు లబూబు. ఆ కోఱలు చూచి మగబొమ్మ యనుకొనకుడు; అది యాడుపిల్ల!

దీనిని కల్పించిన చిత్రకారుడు కాసింగ్ లంగ్. ఆయన హాంకాంగునందు పుట్టి, చిన్ననాడే తలిదండ్రులతో నెదర్లాండ్సునకు పోయెను. అచ్చటి భాష రాని యా బాలునకు బొమ్మల పుస్తకములే గురువులయ్యెను. ఉత్తర ఐరోపా జానపదకథలలోని వింతజీవులు ఆయన మనస్సున నాటుకొనెను. 2015వ సంవత్సరమున ఆయన రచించిన బొమ్మల కథలలో లబూబు వెలసెను.

2019లో పాప్‌మార్టు అను చైనా కంపెనీ దీనిని చేపట్టెను. వర్తకపు నేర్పంతయు అప్పటిది. పెట్టె మూసియుండును, లోపల నే బొమ్మ గలదో కొన్నవారికి దెలియదు. కొన్ని వరుసలలో 'రహస్యబొమ్మ' వచ్చు అవకాశము 72లో ఒకటి మాత్రమే. అది దొరకువరకు పిల్ల మారాము మానదు, తల్లి చేతిసంచికి మూతపడదు. 2025 జూనులో బీజింగు వేలమున మనిషియెత్తు లబూబు 10,80,000 యువానులకు పోయినదట!

బొమ్మయందు దోషము లేదు, నాకును ముద్దే. చిక్కంతయు మూతయందున్నది. ఇట్టి పెట్టెలను ఎనిమిదేండ్లలోపు పిల్లలకు అమ్మరాదనియు, అంతకు పెద్ద పిల్లలైనచో సంరక్షకుల సమ్మతి వలయుననియు చైనా ప్రభుత్వము 2023లో నియమము చేసెను. మనయింట సమ్మతి నిచ్చువారము మనమే గదా! అంగడికి పోవుటకు ముందు పిల్లచేతికి 72 చింతపిక్క లిచ్చి, ఒకదానికి సున్నము పూసి, కన్నులు మూసి దానిని తీయుమనుడు. తీసిన పిక్కను మరల కలిపివేయవలెను సుమా!