గాలిదుమారం పోయినాక పెరడు బాగుచేద్దాం

రోహిణి కార్తె. మధ్యాహ్నం దాకా రోళ్లు పగిలే ఎండ. పొద్దు వాలేసరికి పడమట మొగులు నల్లగా కమ్మింది. దుమ్ము లేచింది. ఇంటి రేకులు దడదడలాడాయి. వేపకొమ్మ ఫెళ్ళున విరిగింది. అరగంట సేపు వాన దంచి కొట్టింది. తర్వాత అంతా నిమ్మళం.

కోడలు పొరక పట్టుకొని పెరట్లోకి ఉరకబోయింది.

"ఆగు బిడ్డా! జర పైలం. అడుగు బయట పెట్టకు" అంది అత్త.

"ఎందుకత్తా? బట్టలన్నీ బురదలో పడ్డయ్. మామిడికాయలు రాలినయ్. చీకటి పడక ముందే ఏరుకుంట."

"బట్టలు మళ్ల ఉతుక్కుంటం. పానం పోతే మళ్ల వస్తదా? ముందుగాల పైకి చూడు. కరెంటు తీగ యాడుందో చూడు."

అక్కలారా, చెల్లెళ్లారా! అత్త మాట బంగారం లాంటి మాట. గాలివానలో ఇంట్లో దాక్కొని బతికినవాళ్లు, వాన వెలిసినాక పెరట్లో ప్రమాదానికి గురవుతుంటారు. పెరడు ఊడ్చేది, బట్టలు తీసేది, గొడ్లను చూసేది ఎక్కువగా మనమే. అందుకే ఈ సంగతులు మనమే ముందు తెలుసుకోవాలి.

ఈ గాలి ఎందుకు వస్తుంది?

ఎండాకాలంలో నేల బాగా కాగుతుంది. నేల మీది గాలి కూడా వేడెక్కుతుంది. వేడి గాలి తేలిక. అది పైకి లేస్తుంది. సముద్రం వైపు నుంచి వచ్చిన తేమ దానితో కలుస్తుంది. పైన చల్లబడి పెద్ద మేఘంగా మారుతుంది. వీటిని క్యుములోనింబస్ మేఘాలు అంటారు. ఆ మేఘం నుంచి చల్లని గాలి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. అదే గాలిదుమారం. పిడుగులు, వడగండ్లు కూడా ఈ మేఘం నుంచే వస్తాయి.

2024 మే 26, ఆదివారం. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఇలాంటి గాలివానే వచ్చింది. తాడూరు మండలం ఇంద్రకల్ దగ్గర కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలింది. నలుగురు చనిపోయారు. వారిలో తండ్రి, కూతురు ఉన్నారు. కూలికి వచ్చినవాళ్లూ ఉన్నారు. గాలిని మనం ఆపలేం. కానీ గోడకు, తీగకు దూరంగా ఉండగలం.

బయటికి ఎప్పుడు రావాలి?

చివరి ఉరుము వినబడినాక అరగంట ఆగాలి. వాన ఆగినా పిడుగు పడవచ్చు. రాలిన కాయల కోసం చెట్టు కిందికి పోవద్దు. పిల్లలను అసలే పంపవద్దు.

కరెంటు తీగ

బయటికి వచ్చి ముందు నిలబడి చూడాలి. స్తంభం వంగిందా? తీగ తెగిందా? కొమ్మ తీగ మీద పడిందా? తెగిన తీగను కట్టెతో కూడా జరపవద్దు. తడి కట్టెలో కరెంటు పారుతుంది. ఊర్లో కరెంటు పోయింది కదా అనుకోవద్దు. ఎప్పుడైనా రావచ్చు. తీగ దగ్గరికి ఎవరూ పోకుండా కాపలా ఉండాలి. లైన్‌మన్‌కు చెప్పాలి. 1912 నంబరుకు ఫోన్ చేయాలి.

చాలా ఇళ్లలో దండెం ఇనుప తీగతో కడతారు. గాలికి ఇంటి కరెంటు వైరు ఒరిసి పొర పోతుంది. అది దండేనికి తగులుతుంది. తడి బట్ట తీయబోతే షాక్ కొడుతుంది. మెయిన్ ఆపి గానీ దండెం ముట్టవద్దు. ఇనుప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టుకుంటే ప్రమాదం తగ్గుతుంది.

నానిన గోడ

మట్టిగోడ వానలో కూలకపోతే గండం గడిచినట్టు కాదు. నీళ్లు తాగిన గోడ ఒకటి రెండు రోజుల తర్వాత కూడా కూలుతుంది. 2021 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో వానకు నానిన గోడ కూలి ఒకే ఇంట్లో అయిదుగురు చనిపోయారు. గోడ ఉబ్బిందా, పగిలిందా, పక్కకు ఒరిగిందా చూడాలి. అట్లా ఉంటే దాని పక్కన పడుకోవద్దు. గొడ్లను కట్టేయవద్దు. పిల్లలను ఆడనివ్వవద్దు.

రేకులు ఎగరకుండా పైన రాళ్లు పెడతాం. గాలికి రేకుతో పాటు రాయి కూడా లేస్తుంది. రాయి బరువు కన్నా కొక్కెం, బోల్టు మేలు. పగిలిన సిమెంటు రేకులను కొట్టి ముక్కలు చేయవద్దు. చాలా రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే నార ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు చల్లి, మూతికి గుడ్డ కట్టుకొని మెల్లగా తీయాలి.

కట్టెల కింద ఏముందో!

బొరియల్లోకి నీళ్లు పోతే పాములు, తేళ్లు బయటికి వస్తాయి. పొడి తావు కోసం కట్టెల మోపులోకి, పిడకల కుప్పలోకి, కోళ్ల గూట్లోకి దూరుతాయి. అందుకే చేయి పెట్టే ముందు పొడుగు కట్టెతో కదిలించాలి. కాళ్లకు చెప్పులు ఉండాలి. చీకట్లో పని పెట్టుకోవద్దు.

పాము కరిస్తే కోయవద్దు, నోటితో పీల్చవద్దు, గట్టిగా తాడు కట్టవద్దు. మంత్రం కోసం కాలం పోగొట్టవద్దు. మనిషిని నడిపించకుండా, కాలు చేయి కదలకుండా చూసి 108 వాహనంలో సర్కారు దవాఖానకు తీసుకపోవాలి. కట్లపాము కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర — ఈ నాలుగింటి విషానికీ ఒకే మందు పనిచేస్తుంది. పామును చంపి తీసుకపోవాల్సిన పని లేదు.

నీళ్ల సంగతి

కరెంటు పోతే మిషన్ భగీరథ నల్లా కూడా ఆగుతుంది. అప్పుడు చేతి పంపు గుర్తొస్తుంది. కానీ నల్లగొండ వైపు చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే అవి తాగే నీళ్లు కావు. పళ్లు గారపట్టడం, ఎముకలు వంకర పోవడం మన ఊర్లల్లో చూసిందే.

"నీళ్లు కాగబెట్టి తాగితే ఫ్లోరైడ్ పోదా అత్తా?" అని కోడలు అడిగింది.

"పోదు బిడ్డా. కాగబెడితే సూక్ష్మజీవులు చస్తయ్. ఫ్లోరైడ్ అట్లనే ఉంటది."

అందుకే మొగులు కాగానే రెండు బిందెల నల్లా నీళ్లు పట్టి మూత పెట్టుకోవాలి. వాన తర్వాత నల్లా నీళ్లు మురికిగా వస్తే కొద్దిసేపు వదిలేయాలి. తర్వాత పట్టి, వడగట్టి, తెర్ల కాగబెట్టి చల్లార్చి తాగాలి. ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే కాగి చల్లారిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. చాయ్ చెంచాతో తలకొట్టి కొలవాలి. తగ్గకపోతే దవాఖానకు పోవాలి.

గోలెం, రోలు, పాత టైరు, పగిలిన కుండ, కొబ్బరి చిప్ప — వీటిలో నిలిచిన వాన నీళ్లు పారబోయాలి. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారం, పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. గుడ్లు గోలెం గోడకు అంటుకొని ఉంటాయి. కాబట్టి వారానికి ఒకసారి రుద్ది కడిగి ఆరబెట్టాలి.

చెత్త కాదు, సొత్తు

రాలిన ఆకులు కాల్చవద్దు. లేత ఆకు మేకలకు వేయాలి. మిగతాది గుంతలో పొరగా పరవాలి. దాని మీద ఒక పొర పెండ, కొంచెం నీళ్లు. మూడు నాలుగు నెలలకు మంచి ఎరువు అవుతుంది. విరిగిన కొమ్మలు పొయ్యికి కట్టెలు. నీడన ఎండిన వేపాకు గింజల్లో వేస్తే పురుగు తక్కువ పడుతుంది. దెబ్బ తగలని మామిడికాయలు తొక్కుకు, ఒరుగులకు పనికివస్తాయి. గాజు పెంకులు, మేకులు, ప్లాస్టిక్ వేరుగా తీసి పంచాయతీ చెత్త బండిలో వేయాలి.

రాసుకుందాం

ఊడ్చకముందే ఇంకో పని ఉంది. పోయినవాటిని రాసుకోవాలి. తేదీ, ఎన్ని రేకులు, ఎన్ని కోళ్లు, ఏ గోడ — అన్నీ రాయాలి. ఫోన్‌తో ఫోటో తీయించాలి. గొర్రె, మేక, బర్రె చనిపోతే పూడ్చే ముందు పశువుల డాక్టరుకు చూపాలి. తహసీల్దారు ఆఫీసుకు అర్జీ ఇవ్వాలి. అధికారులు వచ్చి పంచనామా రాస్తారు. దాన్ని చదివి, మన లెక్కతో సరిచూసి, అప్పుడు సంతకం చేయాలి.

అత్త నవ్వింది. "అప్పట్ల ఇల్లు కూలితే ఎవరో రాసిన కాయితం మీద వేలిముద్ర ఏసిన. అందుల ఏం రాసిండ్రో నాకు తెల్వదు. ఇప్పుడు నేనే రాస్త. పలక కాదు, నోటుబుక్కు తే బిడ్డా!"

కోడలు నోటుబుక్కు తెచ్చింది. అత్త అరుగు మీద కూర్చొని మొదటి మాట రాసింది: "రేకులు — 4."

ఆలోచించండి, చెప్పండి

1. మీ ఇంటి దండెం దేనితో కట్టారు?
2. వాన నీళ్లు మీ పెరట్లో ఎక్కడెక్కడ నిలుస్తాయి?
3. గాలివానకు మీ ఇంట్లో ఏం నష్టం జరిగింది? తేదీతో సహా అయిదు వాక్యాలు రాయండి.