ఛార్జర్ కొంటున్నారా... ముందు బండిని అడగండి!

హోసూరు: కరెంటు బండ్లు తయారయ్యే జిల్లాలోనే కరెంటు బైకుకు ఛార్జర్ ఎంచుకోవడం తలనొప్పిగా మారింది. ఏథర్, టీవీఎస్ కర్మాగారాలు హోసూరులో ఉన్నాయి. ఓలా కర్మాగారం పోచంపల్లిలో ఉంది. సింపుల్ ఎనర్జీ 2023లో శూలగిరిలో ఉత్పత్తి కేంద్రాన్ని ప్రారంభించింది. స్కూటర్లతో మొదలైన ఈ జోరు మోటారు సైకిళ్లకూ పాకింది. ఓలా రోడ్‌స్టర్ ఎక్స్ బైకు 2025 ఏప్రిల్‌లో కృష్ణగిరి జిల్లా కర్మాగారం నుంచే బయటికొచ్చింది. పక్కనే బెంగళూరులో పుట్టిన అల్ట్రావయొలెట్, ఓబెన్ బైకులూ ఈ దారుల్లో తిరుగుతున్నాయి.

బాగలూరు, బేరికె, శూలగిరి, దేన్కనికోట, తళి ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పొద్దున్నే అత్తిబెలె దాటి బెంగళూరు వెళ్లి, రాత్రికి ఇల్లు చేరేవారు చాలామంది. హోసూరు నుంచి బెంగళూరుకు 40 కిలోమీటర్లు. రానూపోనూ 80. నగరంలో నాలుగు పనులు చూసుకుంటే వంద దాటుతుంది. బ్యాటరీ అక్కడికక్కడికి సరిపోతుంది. అందుకే పని చేసేచోట గంటో రెండు గంటలో పెట్టుకోవడానికి సంచిలో పట్టే ఫాస్ట్ ఛార్జర్ ఉంటే బాగుండునని చూస్తారు. దుకాణానికి వెళితే ‘ఏ బండికైనా పడతాది అన్నా, తీసుకో’ అనే మాట సిద్ధంగా ఉంటుంది. అసలు చిక్కు ఆ మాటలోనే ఉంది. ఏ బండికైనా పట్టే ఛార్జర్ అంటూ లేదు.

పెట్టె పెద్దదైతే చాలదు

కరెంటు బైకులు రెండు రకాలు. కొన్నింటికి ఛార్జర్ బండి లోపలే బిగించి ఉంటుంది. గోడ నుంచి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చే పని అదే చూసుకుంటుంది. ఇలాంటి బండికి బయట ఉండేది తీగ, దాని మధ్యలో ఓ నియంత్రణ డబ్బా మాత్రమే. అది ఎంత ఖరీదైనదైనా లోపలి ఛార్జర్ తీసుకోగలిగినంతే తీసుకుంటుంది. లోపలిది 1000 వాట్లదైతే బయట 3000 వాట్ల పెట్టె పెట్టినా దక్కేది 1000 వాట్లే. మిగతా డబ్బు వృథా.

రెండో రకంలో ఛార్జర్ విడిగా వస్తుంది. డీసీగా మార్చే పని ఈ పెట్టెలోనే జరుగుతుంది. పెద్ద పెట్టెతో వేగం పెంచుకునే వీలు ఉంటే గింటే ఈ బండ్లకే. దానికీ హద్దుంది. బ్యాటరీకి కాపలా కాసే బీఎంఎస్ అనే ఎలక్ట్రానిక్ పలక ఎంత కరెంటును లోపలికి రానివ్వాలో నిర్ణయిస్తుంది. కొత్త బైకుల్లో ఛార్జర్, బీఎంఎస్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. తెలియని ఛార్జర్ తగిలిస్తే బండి అసలు తీసుకోదు. కాబట్టి మొదట తిరగేయాల్సింది బండితో వచ్చిన పుస్తకం. అందులో గరిష్ఠ ఛార్జింగ్ వోల్టేజీ, గరిష్ఠ ఛార్జింగ్ కరెంటు అని రెండు అంకెలుంటాయి. అవి లేకుంటే సర్వీసు కేంద్రంలో అడిగి రాయించుకోవాలి. ఆ రెండూ చేతిలో లేకుండా దుకాణం మెట్లెక్కడం దండగ.

72 వోల్టులంటే ఎంత?

తికమక పెట్టేది వోల్టుల లెక్క. బండి మీద ‘72 వోల్టులు’ అని ఉంటుంది. ఛార్జర్ మీదా అదే ఉంటుంది. రెండూ ఒకటేగా అనుకుంటే పొరపాటు. అది బ్యాటరీకి పెట్టిన పిలుపు పేరు మాత్రమే. నిండినప్పుడు ఉండే వోల్టేజీ వేరు.

నికెల్, మాంగనీసు, కోబాల్టు వాడే ఎన్ఎంసీ రకం సెల్లు 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది. అలాంటివి 20 వరుసగా కలిపితే 84 వోల్టులు. ఇనుము, ఫాస్ఫేటు వాడే ఎల్ఎఫ్‌పీ సెల్లు 3.65 వోల్టులకే నిండుతుంది. అవి 24 కలిపితే 87.6 వోల్టులు. ఆటోలకు వాడే పాతకాలపు సీసం బ్యాటరీలు ఆరు కలిపితే వాటి ఛార్జర్ సుమారు 88 వోల్టుల దాకా వెళుతుంది. ఈ మూడింటినీ దుకాణంలో ‘72 వోల్టుల ఛార్జర్’ అనే పిలుస్తారు.

84 దగ్గర ఆగాల్సిన బ్యాటరీకి 87.6 వోల్టుల ఛార్జర్ పెడితే ఒక్కో సెల్లు మీద 4.38 వోల్టులు పడుతుంది. బీఎంఎస్ అడ్డుకుంటే సరి. అది పాడైనా, నాసిరకమైనా సెల్లు వేడెక్కి పొగ, ఆ తర్వాత మంట. తేడా చూస్తే మూడున్నర వోల్టులే. దాని ఖరీదు మాత్రం ఇల్లు కావచ్చు.

ప్లగ్గు తల విషయమూ అంతే. తేలికపాటి కరెంటు వాహనాలకు ఏసీ, డీసీ రెండింటికీ పనికొచ్చే కనెక్టరును ఐఎస్ 17017-2-7 ప్రమాణంగా బీఐఎస్ 2023లో ఆమోదించింది. ఏథర్ రూపొందించిన నమూనాయే దీనికి ఆధారం. అయితే అన్ని బైకులకూ అదే తల లేదు. తల సరిపోకపోతే తీగ కోసి వేరే తల అతికించే పనికి మాత్రం పోకూడదు. ఆ తలలో కరెంటు తీగలతోపాటు బీఎంఎస్‌తో మాట్లాడే సన్న తీగలూ ఉంటాయి. అతుకు వదులైతే అక్కడే కాలుతుంది.

గంటకు ఎన్ని కిలోమీటర్లు?

ఎన్ని వాట్లు కావాలనేదానికి తేలికైన లెక్క ఉంది. 4 యూనిట్లు పట్టే బ్యాటరీ ఉన్న బైకు కిలోమీటరుకు 35 వాట్ అవర్లు వాడుతుందనుకుందాం. 750 వాట్ల ఛార్జర్ గంటసేపు పెడితే 21 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది. 1500 వాట్లదైతే 43, 3000 వాట్లదైతే 86 కిలోమీటర్లు. 20 శాతం నుంచి 80 శాతం దాకా నింపడానికి మొదటిదానికి 3 గంటల 12 నిమిషాలు పడుతుంది. రెండోదానికి గంటా 36 నిమిషాలు, మూడోదానికి 48 నిమిషాలు చాలు. ఇదంతా బండి అంత కరెంటు తీసుకోగలిగితేనే.

80 శాతం దాటాక కథ మారుతుంది. సెల్లు నిండేకొద్దీ కరెంటు తగ్గుతూ వస్తుంది. చివరి 20 శాతానికి ఎంత పెద్ద ఛార్జరైనా నిదానంగానే పోతుంది. దారిలో పెట్టుకునేవారు 80 దగ్గర తీసేసి కదలడమే మేలు. నిండా పెట్టుకోవడం రాత్రి ఇంటి దగ్గర చూసుకోవచ్చు.

ఈ లెక్కతో ఇంకో సంగతీ తేలుతుంది. కార్యాలయంలో 8 గంటలు బండి నిలిపి ఉంచేవారికి ఫాస్ట్ ఛార్జర్ అవసరమే లేదు. బండితో ఇచ్చిన చిన్నదే అక్కడికి తీసుకెళితే సరిపోతుంది. గంట, రెండు గంటల విరామం మాత్రమే దొరికే డెలివరీ కుర్రాళ్లకు, ఊళ్లు తిరిగే మార్కెటింగ్ ఉద్యోగులకు 1500 వాట్లది పనికొస్తుంది. 3000 వాట్లది కొనాలంటే బండితో పాటు గోడ కూడా ఒప్పుకోవాలి.

గోడ ఏమంటుందో వినాలి

ఇళ్లలో రెండు రకాల సాకెట్లుంటాయి. ఫ్యాను, ఫోను పెట్టే చిన్నది 6 ఆంపియర్లది. గీజరు, ఏసీ పెట్టే ‘పవర్ ప్లగ్గు’ 16 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర చిన్నది 1380 వాట్లు, పెద్దది 3680 వాట్లు మోయగలవు. గంటల తరబడి వాడేటప్పుడు అందులో ముప్పావు వంతు దగ్గరే ఆగడం క్షేమం.

750 వాట్ల ఛార్జర్ గోడ నుంచి తీసుకునేది నాలుగు ఆంపియర్ల లోపే. చిన్న సాకెట్ చాలు. 1500 వాట్లది ఏడు దాటుతుంది. పవర్ ప్లగ్గు తప్పనిసరి. పెద్ద పిన్నును చిన్న సాకెట్‌లోకి మార్చే కన్వర్టర్లు ఫ్యాన్సీ దుకాణాల్లో దొరుకుతాయి. అవి పిన్ను సైజు మారుస్తాయి తప్ప గోడలోని తీగ బలం పెంచవు.

3000 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర పద్నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. సాయంత్రాలు పల్లెల్లో మోటార్లన్నీ నడిచి వోల్టేజీ 200కు పడిపోతే కరెంటు తగ్గుతుందనుకుంటారు. నిజానికి పెరుగుతుంది. అన్నే వాట్లు ఇవ్వాలి కాబట్టి ఛార్జర్ 16 ఆంపియర్లు దాటి లాగుతుంది. సాకెట్ నల్లబడటం, ప్లగ్గు కాలిన వాసన రావడం ఇలాగే మొదలవుతాయి. అందుకే వాట్లు తగ్గించుకునే మీట ఉన్న ఛార్జర్ దొరికితే కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. 3000 వాట్లది పెట్టేవారు మీటరు దగ్గర నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించుకోవాలి. ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే ఛార్జర్ కొనాలి. ఇంటి ఇన్వర్టర్ మీద ఇలాంటి ఛార్జర్ నడవదు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడక తప్పకపోతే 16 ఆంపియర్లది, తీగ లావుగా ఉన్నది తీసుకోవాలి. చుట్ట చుట్టిన తీగను పూర్తిగా విప్పి పరచాలి. చుట్టలో ఉంటే వేడి బయటికి పోక ప్లాస్టిక్ కరుగుతుంది.

ఇంటి కనెక్షన్ మీద సొంత బండికి ఛార్జింగ్ పెట్టుకోవచ్చని 2022 జనవరి నాటి కేంద్ర మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఇతరుల దుకాణంలోనో, హోటల్లోనో పెట్టుకుంటే మాత్రం అడిగి పెట్టుకోవాలి. పైన చెప్పిన లెక్కలో 20 నుంచి 80 శాతానికి మీటరు మీద తిరిగేది మూడు యూనిట్ల లోపే. ఆ డబ్బులు చేతిలో పెడితే రేపు మళ్లీ రమ్మంటారు.

ఎండకు, వానకు ఆగాలి

సంచిలో మోసేదానికి బరువు చూడాలి. వాట్లు పెరిగేకొద్దీ లోపల వేడిని పీల్చే అల్యూమినియం పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఫ్యాను ఉన్నది చిన్నగా ఉంటుంది కానీ దుమ్ము, నీరు లోపలికి లాగుతుంది. ఫ్యాను లేకుండా పూర్తిగా మూసి ఉన్న ఐపీ 65, ఐపీ 67 రకాలు దుమ్మూ ధూళీ ఉన్న దారులకు మంచివి. వాన నీరు పడినా తట్టుకుంటాయి. అలాగని నీళ్లలో ఉంచి వాడమని కాదు.

హోసూరు చల్లని ఊరు. బళ్లారిలో, రాయచూరులో ఉండేవారికి అదే ఛార్జర్ వేసవిలో నిదానంగా పనిచేయవచ్చు. చాలా ఛార్జర్లు వేడెక్కితే వాట్లు వాటంతటవే తగ్గించుకుంటాయి. యానాం, బరంపురం లాంటి తీర ప్రాంతాల వాళ్లు ఉప్పుగాలికి పిన్నులు చిలుము పట్టకుండా చూసుకోవాలి. ఎక్కడైనా బండి దిగీ దిగగానే ఛార్జింగ్ పెట్టకుండా అరగంట నీడలో ఆపి, బ్యాటరీ చల్లారాక పెట్టడం మంచిది. ఛార్జర్‌ను సంచిలోనే ఉంచి, గుడ్డ కప్పి నడపడం ఎంతమాత్రం పనికిరాదు.

వేలూరు నేర్పిన పాఠం

2022 మార్చిలో వేలూరులో ఇంటి దగ్గర ఛార్జింగ్‌కు పెట్టిన కొత్త ఎలక్ట్రిక్ స్కూటరుకు నిప్పంటుకుని తండ్రీకూతుళ్లు చనిపోయారు. తర్వాతి నెలలో నిజామాబాదులో, విజయవాడలో ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఏడాది జరిగిన ప్రమాదాల తర్వాతే ఏఐఎస్ 156 ప్రమాణాన్ని కేంద్రం కఠినం చేసింది. 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి చివర మరో విడత అమల్లోకి వచ్చాయి. బ్యాటరీ నిండగానే ఆగిపోవడం, నెమ్మదిగా మొదలవడం, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని గుర్తించడం, ఎర్త్ లీకేజీ పసిగట్టడం వంటివి ఛార్జర్‌కూ అవసరమయ్యాయి. పేరూ ఊరూ లేని చౌక పెట్టెల్లో ఇవి ఉన్నాయో లేవో చెప్పేవారుండరు.

పడుకునే గదిలో, మెట్ల కింద, వాకిలికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టకూడదు. మంట వస్తే బయటికి పోయే దారి అదే కాబట్టి. పొగ కనిపిస్తే బండి కోసం చూడకుండా మనుషులు బయటపడాలి. దూరం నుంచి మెయిన్ ఆపగలిగితే ఆపి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి.

కొనేముందు ఏడు ప్రశ్నలు

* బండిలో ఛార్జర్ లోపల ఉందా, బయటదా?
* బ్యాటరీ నిండినప్పటి వోల్టేజీ ఎంత? ఛార్జర్ మీద అచ్చయిన అంకె అదేనా?
* బండి తీసుకోగల గరిష్ఠ కరెంటు ఎంత?
* తల సరిగ్గా సరిపోతుందా, అతికించాలా? అతికించాలంటే వద్దు.
* ఇంట్లో, పనిచేసే చోట ఉన్నది 6 ఆంపియర్ల సాకెట్టా, 16దా?
* వేరే ఛార్జర్ వాడితే బ్యాటరీ వారంటీ నిలుస్తుందా? కంపెనీతో రాతపూర్వకంగా చెప్పించుకున్నారా?
* బిల్లు, వారంటీ కార్డు, మరమ్మతు చేసే చోటు చెబుతున్నారా?

వీటిలో ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా ఆ ఛార్జర్‌ను అక్కడే వదిలి రావడం మంచిది. కంపెనీ ఇచ్చే అదనపు ఛార్జర్ ధర కొంచెం చేదుగానే ఉంటుంది. బ్యాటరీ మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు అదెంత? అరగంట ఆలస్యమైతే ఇంట్లోవాళ్లు నాలుగు మాటలంటారు. అన్నం మాత్రం దాచే ఉంచుతారు.