చిత్తుముక్కల చిత్రకళ

చిరిగిన రైలుటిక్కెట్టు, ఊడిన బొత్తాము, మిఠాయి చుట్టి వచ్చిన రంగుకాగితము — ఇట్టివానిని మనము దినదినమును ఊడ్చి పాఱవైచుచున్నాము. వీనినే యొక కళావేత్త యేఱి తెచ్చి, జీవితమంతయు వానితో బటములు కూర్చెననిన మీకు వింతగా దోపవచ్చును.

ఆయన పేరు కుర్ట్ ష్విట్టర్సు. 1887లో జర్మనీదేశమున హానోవరు నగరమున జన్మించెను. మొదటి మహాసంగ్రామానంతరమున దేశము ఛిన్నాభిన్నమై యుండగా, పగిలినవానినుండియే క్రొత్తవానిని జేయవలెనని యాయన తలంచెను. 1919లో నొక పటమునం దంటించిన ప్రకటనకాగితముపై, వాణిజ్యమను నర్థముగల 'కొమ్మెర్జు' అను మాట తెగి 'మెర్జు' మాత్రము మిగిలెను. అర్థములేని యాముక్కనే యాయన తన కళకు బేరుగా నుంచెను.

ఆ పటములలో బెక్కింట దేవతలు లేరు, చెట్టుచేమలు లేవు. ట్రాముటిక్కెట్టు ప్రక్క నీలికాగితము, దాని దాపున నొక తీగచుట్ట. ఇది యేమి బొమ్మ యని యడుగ బనిలేదు. మెలికల ముగ్గును జూచి యిది యేమని యెవరైన నడుగుదురా? చుక్కలకును గీతలకును గల పొందికయే మన కన్నుల కింపు. ఇందును నంతియే.

తన యింటి గదులను సైత మాయన యిట్టి వస్తువులతో వింతకట్టడముగా మార్చెను. కాని నాజీల పాలనమున నట్టి కళకు జోటు లేకపోయెను. 1937లో నాయన నార్వేకు దరలిపోయెను. ఆ యేటనే మ్యూనిక్‌లో నాజీలు 'భ్రష్టకళ'యని పరిహసించుచు బెట్టిన ప్రదర్శనమున నాయన పటములను గూడ జేర్చిరి. భార్య హెల్మా యింటిని గనిపెట్టుకొని హానోవరులోనే యుండెను. 1943లో బాంబులవలన నాయిల్లు నాశమయ్యెను. మఱుసటియేడు హెల్మా వ్యాధిచే గన్నుమూసెను.

1940లో బ్రిటను జేరిన ష్విట్టర్సును శత్రుదేశీయుడని నిర్బంధశిబిరమున నుంచిరి. అచ్చట నాయన మిగిలిన జావతో సైతము బొమ్మలు చేసెను! 1947లో నొక రాతికొట్టపు గోడపై దుదికట్టడము నారంభించి, యది ముగియకమున్నే 1948లో మరణించెను. ఆ గోడను 1965లో న్యూకాజిల్ నగరమునకు దరలించి భద్రపఱచిరి.

ఈ వినోదమునకు ఖర్చు లేదు. ఒక దళసరి అట్ట, మైదాపిండి యుడికించిన జిగురు, ఒక పెట్టెడు చిత్తుముక్కలు చాలును. ముందుగా ముక్కలను అంటింపక అటునిటు జరిపి చూడవలెను. పెద్దముక్క నడుమ నుండక యొక ప్రక్కకు ఒదిగినచో పటమునకు జీవము వచ్చును. కొంత చోటు ఖాళీగా విడువవలెను.

మే మీ వేసవిలో బిల్లలతో దీనిని జేసి చూచితిమి. మా చిన్నపిల్ల పాతపెట్టెలోని యొక జరీయంచు తునుకను దెచ్చి యంటించెను. అది గతించిన మా యత్తగారి చీరెదని దానికి దెలియదు. మామగారు చాలసేపు దానిని జూచి, 'గోడకు దగిలింపుడు' అని మాత్ర మనిరి.

సోదరీమణులారా! రేపు చీపురు పట్టునపుడు ఒక్కక్షణ మాగి చూడుడు.