యంత్రం రాసే వార్త, మనం రాయాల్సిన వార్త

కృత్రిమ మేధ వచ్చాక విలేకరితో పనేముంటుందని మనలో చాలామంది అడుగుతున్నారు. ముందుగా యంత్రం వార్త ఎలా రాస్తుందో తెలుసుకుందాం.

అమెరికాలో లాస్ ఏంజెలిస్ టైమ్స్ పత్రికకు 'క్వేక్‌బాట్' అనే ప్రోగ్రామ్ ఉండేది. అమెరికా జియలాజికల్ సర్వే నుంచి భూకంప సమాచారం రాగానే, ముందే రాసిపెట్టిన వాక్యాల ఖాళీల్లో ఆ అంకెలు నింపేది. 2014 మార్చిలో భూమి కంపించిన కొద్ది నిమిషాలకే వార్త ఇచ్చింది. 2017 జూన్‌లో మాత్రం, 1925 నాటి శాంటా బార్బరా భూకంపం వివరాలను సరిచేస్తుండగా పొరపాటున సందేశం వెళ్లింది. క్వేక్‌బాట్ 6.8 తీవ్రతతో కొత్త భూకంపం వచ్చినట్లు రాసేసింది. కిటికీలోంచి చూడడానికి దానికి కళ్లు లేవు కదా!

2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ వంటివి వాక్యాలను సొంతంగా అల్లుతాయి. అయితే అవి నేర్చుకునేది అంతకుముందు మనుషులు రాసినదాని నుంచే. తెలియనిదాన్ని కూడా తెలిసినట్లే చెప్పేస్తుంటాయి.

మనకు సంబంధించిన సంగతి ఇక్కడే ఉంది. మన వాడలో కుళాయికి నీళ్లు రావడం లేదని ఎవరూ రాయకపోతే, యంత్రం లెక్కలో ఆ వాడే ఉండదు. కాబట్టి మిత్రులారా, యంత్రాన్ని వాడడం నేర్చుకుందాం. వెళ్లి చూసి, నలుగురినీ అడిగి రాసే పనిని మాత్రం దానికి వదిలేయకుండా ఉందాం.